తుర్రం ఖాన్‌లు, ఉక్కు మనుషులు, మేమూ

"నువ్వేమన్నా పెద్ద తుర్రం ఖాన్‌వా?" ఈ మాట వినకుండా తెలంగాణలో పెరిగినవాళ్లు తక్కువ. గల్లీ కొట్లాటలో ఛాతీ విరుచుకున్న పోరగాణ్ణి, దొరకు ఎదురు మాట్లాడిన జీతగాణ్ణి, పై అధికారిని ప్రశ్నించిన గుమాస్తాని ఈ ఒక్క మాటతో కూర్చోబెడతారు. అన్నవాడికీ తెలియదు, పడ్డవాడికీ తెలియదు ఆ ఖాన్ ఎవరో. ఎవడో డాబు కొట్టే సాయిబు అయ్యుంటాడనుకుంటారు. మా ఇళ్లలోనూ ఆ మాట అదే అర్థంతో నడుస్తుంది.

ఆ మాట వెనకున్న మనిషి తుర్రేబాజ్ ఖాన్ అని హైదరాబాద్ పాతతరం వాళ్లు చెబుతారు. ఆయన ఏం చేశాడో చూద్దాం.

1857 జూలై 17, శుక్రవారం. ఉత్తరాన మీరట్‌లో సిపాయిలు తిరగబడి రెండు నెలలు దాటింది. అక్కడి సెగ దక్కనుకూ తాకింది. కంపెనీ కొలువులో తిరగబడి హైదరాబాద్ చేరిన జమేదార్ చీదా ఖాన్‌నీ, అతని వెంట ఉన్నవాళ్లనూ నిజాం సర్కారు పట్టుకొని బ్రిటిష్ రెసిడెంటుకు అప్పగించింది. వాళ్లను విడిపించాలని తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ ముందు నడవగా దాదాపు ఐదు వందల మంది రోహిల్లాలు, వాళ్ల వెంట నగర జనం ఆ సాయంత్రం కోఠిలోని రెసిడెన్సీ మీదికి వెళ్లారు. రెసిడెన్సీ గోడ పక్కన అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే ఇద్దరు షావుకార్ల ఇళ్లున్నాయి. వాటిని ఎక్కి రాత్రంతా తుపాకులు పేల్చారు. అవతల ఫిరంగులు. తెల్లవారేసరికి అంతా అయిపోయింది.

దాడి సంగతి ముందే రెసిడెంటు డేవిడ్‌సన్ చెవిన వేసింది నిజాం దివాను సాలార్‌జంగ్. గద్దె మీదున్నది నిజాం అఫ్జలుద్దౌలా. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు. ద్వీపాంతర శిక్ష పడింది. అండమాన్ పంపే లోపే 1859 జనవరిలో జైలు నుంచి తప్పించుకున్నాడు. ఆయన తలకు ఐదు వేల రూపాయల వెల కట్టారు. కొద్దిరోజులకే తూప్రాన్ దగ్గర తాలూకాదారు కుర్బాన్ అలీ బేగ్ ఆయన్ని పట్టి చంపించాడు. శవాన్ని హైదరాబాద్ తెచ్చి జనం చూసేలా వేలాడగట్టారు. మౌల్వీ అలాఉద్దీన్ అండమాన్‌లోనే కన్నుమూశాడు.

ఈ కథలో రాజు ముస్లిం. రాజు మీద లెక్కచేయకుండా లేచినవాడు ముస్లిం. కబురు చేరవేసినవాడు ముస్లిం, చంపించినవాడు ముస్లిం. ముస్లింలంతా ఒకే స్వభావం ఉన్నవాళ్లని మాట్లాడే పెద్దమనుషులకు ఈ ఒక్క రాత్రి కథ చాలు. భయపడ్డవాడూ, అమ్ముడుపోయినవాడూ, ప్రాణానికి తెగించినవాడూ అందరూ ఒకే మసీదులో నమాజు చదివినవాళ్లే.

కోఠిలో ఆ ఇద్దరి పేరా ఒక స్మారక స్తూపం ఉంది. ఆ పక్కనుంచి రోజూ వేలమంది బస్సెక్కి దిగుతుంటారు. స్తూపం మీది పేరు ఎవరికీ పట్టదు. నాలుక మీది పేరు మాత్రం అందరికీ తెలుసు, ఎగతాళిగా. ఓడినవాడి పేరును గెలిచినవాడు కొట్టేయనక్కర్లేదు, నవ్వులాటగా మార్చితే చాలు. జనమే దాన్ని తరాల తరబడి మోస్తారు.

వీరుడంటే ఎవరు? ఆ మాటను ఎవరికి ఇస్తున్నాం, ఎవరి దగ్గర లాక్కుంటున్నాం? ఇది మాకు పుస్తకాల్లో తేల్చుకునే చర్చ కాదు. బడిలో మా పిల్లవాడి పక్కన కూర్చున్న పిల్లవాడు వాణ్ణి ఏ కళ్లతో చూస్తాడనేది ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది. ఇవాళ ఆ పిల్లలిద్దరికీ వీరుణ్ణి చూపిస్తున్నది సినిమా హాలు, చేతిలోని ఫోను. అక్కడ రాజ్యమేలుతున్నది ఎగిరే మనిషి, ఉక్కు మనిషి, సాలెపురుగు మనిషి. కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

* * *

ఎగిరే మనిషి పుట్టింది అమెరికాలో, 1938లో. పుట్టించిన ఇద్దరూ క్లీవ్‌లాండ్‌లో ఒకే హైస్కూల్లో చదువుకున్న యూదు కుర్రాళ్లు, జెర్రీ సీగెల్, జో షూస్టర్. యూరపు నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చిన కుటుంబాల పిల్లలు. సీగెల్ తండ్రి బట్టల దుకాణం నడిపేవాడు. 1932లో ఒక రాత్రి దుకాణంలో దొంగలు పడ్డప్పుడు ఆయన అక్కడికక్కడే కూలి చనిపోయాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆ కొడుకు కల్పించిన మనిషికి తుపాకీ గుండు తగిలినా ఏమీ కాదు. ఈ రెంటికీ ముడి ఉందని చాలామంది రాశారు. ఉండకపోతేనే వింత.

ఆ సూపర్‌మేన్‌కి రెండు పేర్లు. ఒకటి వేరే లోకంలో అమ్మానాన్నలు పెట్టిన పేరు. ఇంకొకటి నలుగురిలో బతకడానికి పెట్టుకున్న పేరు, క్లార్క్ కెంట్. కళ్లజోడు పెట్టుకొని, భుజాలు వంచుకొని, తన బలం ఎవరి కంటా పడకుండా ఆఫీసులో పనిచేసుకుంటాడు. 1941లో కెప్టెన్ అమెరికాను సృష్టించిన ఇద్దరిలో ఒకరైన జాక్ కిర్బీ అసలు పేరు జేకబ్ కర్ట్స్‌బర్గ్. స్పైడర్‌మేన్‌ని రాసిన స్టాన్ లీ అసలు పేరు స్టాన్లీ లీబర్. బొమ్మకే కాదు, బొమ్మ గీసినవాడికీ రెండు పేర్లే! ఇల్లు అద్దెకు అడగబోయి గుమ్మం దగ్గర పేరు చెప్పడానికి నోరు రాక నిలబడ్డ మావాళ్లకి ఈ రెండు పేర్ల సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. సూపర్‌మేన్ బలవంతుడి గొప్పలు కాదు, భయపడ్డవాడి కల. అందుకే మొదటి కథల్లో అతను పెళ్లాన్ని కొట్టేవాణ్ణి, లంచగొండి రాజకీయ నాయకుణ్ణి, కార్మికుల ప్రాణాలు లెక్కచేయని గని యజమానిని పట్టుకున్నాడు.

అయితే ఆ కల ఎక్కువ కాలం కలగన్నవాళ్ల చేతిలో ఉండలేదు. ఆ కుర్రాళ్లు 130 డాలర్లకు హక్కులన్నీ రాసిచ్చేశారు. తర్వాత జీవితమంతా కోర్టుల చుట్టూ తిరిగారు. బొమ్మ మాత్రం కంపెనీకి కోట్లు తెచ్చింది. గని యజమానిని పట్టుకున్న చేయి నెమ్మదిగా వ్యవస్థకు కాపలా కాసే చేయి అయింది. కల ఎవరిదో వాళ్ల చేతిలోంచి పోయాక, ఆ కలలో శత్రువు ఎవరో నిర్ణయించేది కూడా కొనుక్కున్నవాడే.

2008లో వచ్చిన ఐరన్ మేన్ సినిమానే తీసుకుందాం. అమెరికా ఆయుధాల వ్యాపారి ఒకడు అఫ్ఘనిస్తాన్ గుహలో బందీ అవుతాడు. పట్టుకున్న ముఠా మాట్లాడే భాషల్లో అరబ్బీ, పష్తోలతో పాటు మా ఉర్దూ కూడా ఉంది. మా అమ్మలు జోలపాడిన భాష, గజల్ భాష, ఆ గుహలో బెదిరింపుల భాష. అదే గుహలో ఇంకొక బందీ ఉంటాడు, యిన్సెన్ అనే అఫ్ఘన్ మేధావి. హీరో ఛాతీకి చికిత్స చేసి ప్రాణం పోసేది అతనే. ఉక్కు కవచం చేయడానికి సాయపడేదీ అతనే. చివరికి హీరో బయటపడేందుకు వ్యవధి కల్పించి తాను చచ్చిపోయేదీ అతనే. అతను చనిపోయాకే హీరోకి జ్ఞానోదయం. సినిమాలో అది తొలిభాగం, అంతే.

ఆ ఒక్క గుహలో రెండు వేషాలున్నాయి. ఒకటి చంపేవాడి వేషం. రెండోది హీరో కోసం చచ్చేవాడి వేషం. మూడో వేషం లేదు.

* * *

ఈ రెండు వేషాలు మాకు హాలీవుడ్ వచ్చి నేర్పలేదు. 1973లో హిందీలో జంజీర్ వచ్చింది. మరుసటి ఏడాది అదే కథ తెలుగులో నిప్పులాంటి మనిషి అయింది. ఎన్.టి. రామారావు పోలీసు అధికారి, కైకాల సత్యనారాయణ షేర్ ఖాన్. ఆ పఠాన్ని జనం గుండెలకు హత్తుకున్నారు. మావాళ్లు మరీ. ఎందుకు హత్తుకోరు? తెర మీద తలెత్తుకొని నడిచిన సాయిబు ఆయన. కానీ ఆ పాత్రను ఒకసారి నిదానంగా చూడండి. అతని మంచితనమంతా హీరోతో స్నేహంలోనే ఉంది. స్నేహం కుదరక ముందు అతను చీకటి వ్యాపారం చేసేవాడు. కుదిరాక ప్రాణమిచ్చే మిత్రుడు. అతనికి ఇల్లుందా, తల్లుందా, రాత్రి పడుకునేటప్పుడు అతనికి ఏం దిగులు? ఆ కథకు అక్కర్లేదు.

1975 నాటి షోలేలో గుడ్డి ఇమాం సాబ్ సంగతీ అంతే. కన్నకొడుకు శవం ముందు నిలబడి, ఊరికోసం ఇవ్వడానికి నాకింకా కొడుకులు లేరేమని దేవుణ్ణి అడుగుతానంటాడు. హాలంతా ఏడ్చింది, మేమూ ఏడ్చాం. కానీ ఆ ఏడుపు తర్వాత ఒక లెక్క మిగిలిపోయింది. ఊళ్లో తక్కినవాళ్లు ఊరివాళ్లు కావడానికి ఊళ్లో పుట్టడం చాలు. ఇమాం మాత్రం కొడుకునివ్వాలి.

2022లో ఆర్ఆర్ఆర్ వచ్చింది. అందులో కొమురం భీం ఢిల్లీలో అఖ్తర్ పేరుతో ఒక ముస్లిం ఇంట్లో తలదాచుకుంటాడు. సూపర్‌మేన్‌కి క్లార్క్ కెంట్ ఎలాగో ఇక్కడ అఖ్తర్ అలాగ. వంచిన భుజాల పేరు మాది. పులితో తలపడే చేతుల పేరు వేరు. నిజమైన భీం చరిత్ర మాకు తెలుసు. జోడేఘాట్ దగ్గర 1940లో ఆయన్ని చంపింది నిజాం సర్కారు బలగాలు. నిజాం ముస్లిం కాబట్టి మేం నిజాం పక్కన నిలబడతామని ఎవరైనా అనుకుంటే వాళ్లకు మేం తెలియదు. దూది ఏకినవాళ్లం, గాజులమ్మినవాళ్లం, బీడీలు చుట్టినవాళ్లం, మాంసం కొట్టినవాళ్లం. ఆ గద్దె నీడ కూడా మామీద పడలేదు. మాకు భీం మావాడే. మేం అడిగేది వేరు. పేరు అరువిచ్చే అఖ్తర్‌లుగానే కాక, పోరాడిన అఖ్తర్‌లుగా మేం ఎప్పుడు కనబడతాం?

విలన్‌కీ త్యాగమూర్తి స్నేహితుడికీ ఒక పోలిక ఉంది. ఇద్దరికీ మనసు లేదు. తప్పు చేసి తల పట్టుకొనే హక్కు, ప్రేమలో తడబడే హక్కు, పిరికితనం చూపి సిగ్గుపడే హక్కు ఒక్క హీరోకే ఇస్తారు. మనిషి స్వభావమంతా ఒకడి ఖాతాలో వేసి, మిగతావాళ్లకు ఒక్కొక్క గుణం పంచిపెడతారు. ఒకరికి క్రౌర్యం, ఒకరికి విశ్వాసం. మా యువకులు ఇవాళ బయట ప్రపంచంలో మోస్తున్న బరువు ఇదే. టీవీలో ఎక్కడో బాంబు పేలిన వార్త వస్తే మొదటి వేషం అంటగడతారేమోనని దిగులు. దాన్ని తప్పించుకోవడానికి రెండో వేషం వేసుకొని ఎవరూ అడగకముందే దేశభక్తి చాటుకోవడం. మామూలుగా ఉండే వీలు లేదు. మామూలుగా ఉండటమే మాకు సాహసమైపోయింది.

* * *

పాత కావ్యాలు ఇలా ఉండవు. ఆ వీరులు మహాబలులే. కానీ వాళ్లకు లోపలొక మనిషి ఉన్నాడు.

ప్రపంచంలో దొరికిన అతి పాత వీరగాథల్లో గిల్గమేష్‌ది ఒకటి. ఇవాళ్టి ఇరాక్‌లో, మోసుల్ పక్కన నినెవే శిథిలాల్లో మట్టి పలకల మీద దొరికింది. 1853లో ఆ గ్రంథాలయాన్ని తవ్వితీసిన హోర్ముజ్ద్ రస్సాం మోసుల్‌లోనే పుట్టినవాడు. గిల్గమేష్ మొదట్లో ప్రజల్ని పీడించిన రాజు. ప్రాణమిత్రుడు ఎన్కిడు చచ్చిపోతే తనకూ చావుందని వణికిపోతాడు. చావులేని మందు వెతుక్కుంటూ లోకం చివరిదాకా పోతాడు. పడుచుదనం తిరిగి ఇచ్చే మొక్క దొరుకుతుంది, దాన్ని దారిలో పాము ఎత్తుకుపోతుంది. కూర్చొని ఏడుస్తాడు. ఖాళీ చేతులతో ఊరికొచ్చి తన ఊరి గోడను చూస్తాడు. 2021లో వచ్చిన ఎటర్నల్స్ సినిమాలో ఇదే గిల్గమేష్ పేరుతో ఒక సూపర్ హీరో ఉన్నాడు. పేరు అదే. కానీ మొక్క పోగొట్టుకొని ఏడ్చిన ఆ రాజును ఆ సినిమాలో వెతకొద్దు.

మాకు ఇంకా దగ్గరివాడు రుస్తుం. పహిల్వాన్ పిల్లలకు ఇప్పటికీ ఆ పేరు పెడతారు. ఫిర్దౌసీ దాదాపు యాభై వేల ద్విపదల్లో రాసి 1010లో ముగించిన షానామాలో రుస్తుంను ఓడించగలవాడు లేడు. అంతటివాడు యుద్ధంలో ఒక పడుచు వీరుణ్ణి పొడిచాక, అతని చేతికున్న గుర్తు చూసి, వాడు తన కొడుకు సొహ్రాబ్ అని తెలుసుకుంటాడు. గాయం మానే మందు రాజు కైకావూస్ దగ్గర ఉంది. కబురు పెడితే రాజు ఇవ్వడు. తండ్రీ కొడుకులిద్దరూ ఒక్కటైతే తన గద్దెకు ముప్పని భయం. ఎవరి గద్దె కోసం రుస్తుం జీవితమంతా కత్తి పట్టాడో ఆ రాజే కొడుకును చావనిచ్చాడు. బలం గురించి ఇంతకన్నా చెప్పేదేముంది? బలవంతుడు ఎవరి కోసం కొడుతున్నాడో చూసుకోకపోతే చివరి దెబ్బ తన ఇంటి మీదే పడుతుంది. అరవై, డెబ్భై కోట్ల డాలర్లు వసూలు చేసే సినిమాలు మాట్లాడని మాట ఇది.

ఈ ఫిర్దౌసీని తెలుగువాళ్లకు చేరువ చేసింది ఎవరో మనం మరవకూడదు. గుర్రం జాషువా. 1932లో ఫిరదౌసి కావ్యం రాశారు. గజనీ మహమూద్ పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని మాట తప్పాడనీ, తప్పు తెలుసుకొని పంపిన సొమ్ము కవి శవం ఊరు దాటుతుంటే వచ్చిందనీ పాత కథ. అది చరిత్రా, కట్టుకథా అనేది పక్కన పెడదాం. అంటరానివాడని ఈ గడ్డ మీద అవమానాలు పడ్డ కవి, తన బాధ చెప్పుకోవడానికి వెయ్యేళ్ల కిందటి ఒక పారశీక ముస్లిం కవిని ఎంచుకున్నాడు. మహమూద్‌ని ఎంచుకోలేదు. ఇద్దరూ ముస్లింలే. ఒకడు గెలిచిన సుల్తాను, ఒకడు మోసపోయిన కవి. జాషువాకి వీరుడెవరో తెలుసు. మహమూద్ పేరు చూపించి మమ్మల్ని దోషుల్ని చేసేవాళ్లకూ, మహమూద్ పేరు చెప్పుకొని మీసం తిప్పే మాలోని కొద్దిమందికీ కలిపి జాషువా 1932లోనే జవాబిచ్చారు.

మన జానపద సినిమాల్లో చాలావాటికి మూలమైన కథలు కూడా ఇలాంటివే. 1962లో వచ్చిన గులేబకావళి కథ పారశీకంలో, ఉర్దూలో తిరిగి తిరిగి తెలుగు తెరకెక్కింది. 1970లో ఆలీబాబా 40 దొంగలు వచ్చింది. ఆలీబాబా కథను ఎవరైనా వీరగాథ అంటే ఒక్క మాట అడగండి, అందులో వీరుడెవరు? ఆలీబాబా కట్టెలు కొట్టుకునే బీదవాడు. గుహ ముందు మంత్రం చాటుగా విన్నాడు, బంగారం మోసుకొచ్చుకున్నాడు. దొంగలు ఇంటి తలుపుకి గుర్తు పెడితే అన్ని తలుపులకూ అదే గుర్తు పెట్టింది మర్జానా. నూనె జాడీల్లో దాక్కున్న దొంగల సంగతి పసిగట్టింది మర్జానా. వాళ్లను మట్టుపెట్టిందీ మర్జానాయే. ఆమె ఆ ఇంట్లో బానిస పిల్ల. కథ పేరులో మాత్రం ఆమె లేదు. కథలకు పేరు పెట్టేటప్పుడు ఎవరిని వదిలేస్తారో మా ఆడవాళ్లను అడిగితే ఇంకా బాగా చెబుతారు. ఊరు మమ్మల్ని ఎలా చూస్తుందని మేం ఇంత మాట్లాడుతున్నాం కదా, మా ఇళ్లలో మర్జానాలను మేం ఎలా చూస్తున్నామో ఆ లెక్క కూడా ఈ పుస్తకంలోనే రావాలి.

* * *

తెలంగాణ పల్లెల్లో ఒక వీరగాథ ఉంది. దానికి సినిమా హాలు అక్కర్లేదు. ఏటా మొహర్రం నెలలో ఊరు ఊరంతా చూస్తుంది. పీర్ల పండుగ. అలావా తవ్వి నిప్పు రాజేస్తారు. ఊదు పొగలో పీరీలకు దట్టీలు కడతారు. షర్బత్ పంచుతారు. చాలా ఊళ్లలో పీరీ ఎత్తేవాళ్లు, అసైదులా ఆడేవాళ్లు ముస్లిమేతరులే. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లో కూడా పీర్లు లేస్తాయి. ఇంతమంది తలకెత్తుకునే ఆ కథ ఏమిటి?

క్రీ.శ. 680 అక్టోబర్ 10న కర్బలా మైదానంలో ఇమామ్ హుసేన్, ఆయన వెంట ఉన్న 72 మంది, యజీద్ సైన్యం చేతిలో చనిపోయారు. ఎదురుగా వేలమంది. పక్కనే నది, తాగడానికి నీళ్లు లేవు. పిల్లలకు నీళ్లు తేబోయిన అబ్బాస్ రెండు చేతులూ తెగిపడ్డాయి. ఆ రోజు ఏ మహిమా జరగలేదు. ఆకాశం నుంచి ఎవరూ ఎగిరి రాలేదు. దాహం దాహంలాగే ఉంది, కత్తి కత్తిలాగే తెగింది. సాయంత్రానికి యజీద్ సైన్యం గెలిచింది. పదమూడు వందల ఏళ్లు దాటినా ఊళ్లు గుండెలు బాదుకుంటున్నది గెలిచినవాడి కోసం కాదు.

కర్బలాలో ఇంకొక మనిషి ఉన్నాడు, హుర్ర్. యజీద్ పక్షాన సేనానిగా వచ్చి హుసేన్ దారికి అడ్డం నిలబడింది ఇతనే. చివరి రోజు పొద్దున యుద్ధం ఖాయమని తెలిశాక వణికిపోయాడట. అంతటి యోధుడివి వణుకుతావేమని పక్కవాడు ఆశ్చర్యపోయాడట. గుర్రాన్ని అటు నడిపి, హుసేన్‌ని క్షమాపణ అడిగి, ఆ పక్షాన చనిపోయాడు. ఓడిపోతారని తెలిసిన వైపుకు మారినవాడు. సూపర్ హీరోకి ఈ వణుకు రాదు. చావు లేనివాడికి ఎటు నిలబడితేనేం? తనకు నష్టం కలుగుతుందని తెలిసి, కాళ్లు వణుకుతుండగా పక్షం ఎంచుకునే మనిషి కనబడితేనే మేం ఆ మాట వాడతాం. వీరుడు.

ఆ కొలతతో మా దగ్గరి చరిత్ర చూద్దాం. జనగామ ప్రాంతంలో కామారెడ్డిగూడెం. అక్కడ షేక్ బందగీ అనే చిన్న రైతు ఉండేవాడు. భూమి తగాదాలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి అండ ఎదుటి పక్షానికి దొరికింది. ఆ రోజుల్లో దేశ్‌ముఖ్‌కి ఎదురు చెప్పడమంటే ఊరు వదిలి పారిపోవడమే. బందగీ పారిపోలేదు, కత్తీ పట్టలేదు. కోర్టుకెక్కాడు. ఏళ్ల తరబడి తిరిగాడు. కాగితాలు మోసుకొని తిరిగే మనిషిలో ఏ కెమెరాకూ వీరుడు కనబడడు. కానీ దేశ్‌ముఖ్‌కి కనబడ్డాడు. అందుకే దారికాచి చంపించారు. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా మొదలు కాకముందే నేలకొరిగిన మనిషి ఆయన. ఆయన సమాధి దగ్గర కులమతాలు లేకుండా జనం ఇప్పటికీ ఆగి దండం పెడతారు. రజాకార్లంటే ముస్లింలు, ముస్లింలంటే రజాకార్లు అని చరిత్రను ఒక్క ముక్కలో తేల్చేసే ఉపన్యాసాల్లో బందగీ పేరు రాదు.

షోయబుల్లా ఖాన్ పేరూ రాదు. ఉస్మానియాలో చదివి, ఉర్దూ పత్రికల్లో పనిచేసి, ఇమ్రోజ్ అనే దినపత్రిక నడిపాడు. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవాలని రాశాడు. రజాకార్ల దౌర్జన్యాల్ని ఎండగట్టాడు. ఉర్దూలో రాశాడు, ఐరన్ మేన్ గుహలో వినబడే అదే ఉర్దూలో. బెదిరింపులొచ్చాయి. ఇంట్లో భార్య ఉంది, చిన్నపిల్లలున్నారు. అలాంటి ఇంటి యజమానికి భయం లేకుండా ఉంటుందా? రాయడం మాత్రం మానలేదు. 1948 ఆగస్టు 21 రాత్రి పత్రిక పని ముగించుకొని ఇంటికి వస్తుంటే దాడి చేసి కాల్చారు. రాసిన చేతిని నరికారు. తెల్లవారితే 22. ఆయన లేడు. వయసు ఇరవై ఏడు. నాలుగు వారాలు తిరక్కుండానే సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ రోజు ఆయన చూడలేదు.

* * *

ఈమధ్య మాకూ సూపర్ హీరోలు దొరికారని కొందరు మిత్రులు సంతోషపడుతున్నారు. 2006లో కువైట్‌లో నాయిఫ్ అల్ ముతవా అల్లాహ్ 99 నామాల స్ఫూర్తితో ది నైంటీనైన్ అనే కామిక్స్ తెచ్చాడు. 2014లో కమలా ఖాన్ అనే పాకిస్తానీ అమెరికన్ అమ్మాయి మిస్ మార్వెల్‌గా తన సొంత పుస్తకంలోకి వచ్చింది. 2022లో అదే సీరియల్‌గా వచ్చింది. అందులో మసీదుంది, పెళ్లి ఉంది, 1947 నాటి రైలుంది. మా ఆడపిల్లలు అది చూసి మురిసిపోతే మేం వద్దనం. తన ఇంటి వంట వాసన తెర మీదినుంచి రావడం చిన్న సంగతి కాదు.

కానీ అంతటితో తృప్తి పడితే మోసపోతాం. వాళ్లకో ఉక్కు మనిషి ఉన్నాడు కాబట్టి మాకో ఉక్కు మనిషి కావాలనడం ఆట నియమాన్ని ఒప్పుకోవడమే. ఉక్కు మనిషి కథలో జనం పని ఏమిటి? తలెత్తి చూడటం, చప్పట్లు కొట్టడం. ఎవడో ఒకడు ఆకాశం నుంచి దిగి కాపాడతాడని ఎదురుచూడటం. రాజకీయాల్లో కూడా అలాంటివాణ్ణే వెతుక్కోవడం అలవాటైతే, ఆ ఉక్కు పిడికిలి కింద మొదట నలిగేది మాలాంటివాళ్లే. పైగా మావాళ్లలో కూడా సలాఉద్దీన్ మళ్లీ రావాలి, కాసిం మళ్లీ రావాలి అని కలవరించేవాళ్లున్నారు. గెలిచిన కత్తుల జాబితా చదువుకుంటే కడుపు నిండదు. మనుషుల్ని కాపాడిన చేతుల జాబితా మా దగ్గర ఎవరూ రాసి పెట్టలేదు.

కాబట్టి మేం అడిగేది చిన్న సంగతే. మా గురించి కథ రాసేవాళ్లు, సినిమా తీసేవాళ్లు మాకు రెక్కలు పెట్టనక్కర్లేదు. మాలో అప్పు ఎగ్గొట్టేవాణ్ణి చూపండి, పెళ్లాన్ని ప్రేమించేవాణ్ణి చూపండి, భయపడి తలుపేసుకున్నవాణ్ణి చూపండి. ఆ తలుపేసుకున్నవాడే ఒక రోజు తలుపు తీస్తే, ఎందుకు తీశాడో కాస్త ఓపికగా చెప్పండి. హిందూ మిత్రులకు కష్టమేమీ కాదు ఇది. ఊళ్లో పీరీ ఎత్తుతున్నది వాళ్లే కదా.

మేం చేయాల్సిన పని ఇంకొకటుంది. ఏ ఊళ్లో అడిగినా ఒక ముసలమ్మ దగ్గర ఒక పేరు దొరుకుతుంది. రజాకార్ల రోజుల్లో పక్కింటి హిందువుల్ని ధాన్యపు గుమ్మి వెనక దాచినవాడు, పోలీసు చర్య రోజుల్లో పక్కింటి సాయిబుల్ని తన ఇంట్లో పెట్టుకొని వాకిట్లో కావలి కాసిన ఆమె. ఆ పేర్లు పుస్తకాల్లో లేవు, స్తూపాల మీద లేవు. చెప్పేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. 1948లో పదేళ్ల పిల్ల ఇవాళ తొంబయ్యేళ్లకు దగ్గరవుతోంది. ఈ మొహర్రంకి ఊరెళ్లినవాళ్లు ఆమె పక్కన ఒక పూట కూర్చొని, చెప్పింది చెప్పినట్టు రాసుకొని రండి.